విషాదవ్యాధి - దానిని గుర్తించు విధము
(పెద్దేముల్ వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)

  

కులసభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు ఉపన్యసించుట ఆచారము. అవి యన్నియు కావలసినవే. ఐనను ఈ సంవత్సరము మేము మరియొక విషయమును గైకొంటిమి. మన యిండ్లలో నుండియు మన నోటికి రాని వ్యాధి యొకటి కలదు. జ్వరము వచ్చిన నలుగురితో చెప్పుకొందుము. కాలు విరిగిన వెంటనే తాండూరు ఆసుపత్రికి బయలుదేరుదుము. మనస్సు క్రుంగినచో మాత్రము ఇరుగుపొరుగువారికి తెలియకుండ దాచుదుము. ఆ దాపరికమువలన కలుగు నష్టమును తెలుపుటయే మా ఉద్దేశము.

ఈ వ్యాధిని వైద్యులు డిప్రెషన్ అందురు. పత్రికలవారు కుంగుబాటు అనుచున్నారు. మేము విషాదవ్యాధి యని వ్యవహరించెదము. విషాదమను మాట మనకు క్రొత్తది కాదు. భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. అందు అర్జునుని అవయవములు పట్టుదప్పుట, నోరెండుట, మేను వణకుట, విల్లు చేజారుట వర్ణింపబడినవి. మనస్సునకు కలిగిన బాధ దేహమున కానవచ్చునని మన పూర్వులెరుగుదురు. రోగమును పెంచువానిలో విషాదమే అగ్రగణ్యమని చరకసంహిత చెప్పుచున్నది. కాని ఒక భేదము గమనింపదగియున్నది. అర్జునుని విషాదము హితోపదేశముచే తొలగెను. వ్యాధియైన విషాదము ఉపదేశమాత్రమున తొలగదు. అట్టివానితో "ధైర్యము తెచ్చుకొనుము" అని మాత్రము పలికి ఊరకుండుట, చలిజ్వరముతో వణకువానిని వణకవద్దని మందలించుట వంటిది.

ఇక గుర్తులను వినుడు. వైద్యులు ముఖ్యముగా తొమ్మిదింటిని చెప్పుదురు. మొదటిది, దినములో అధికభాగము దిగులుగా నుండుట. రెండవది, మునుపు ప్రీతి కలిగించిన పనులయందు, పాటయందు, పండుగయందు, బిడ్డల ముద్దుమాటలయందు సైతము మనసు లేకపోవుట. మూడవది నిద్ర చెడుట. తెల్లవారుజామునకు ముందే మెలకువ వచ్చి మరల పట్టకపోవుట గాని, అతినిద్ర గాని. నాలుగవది ఆకలి తగ్గుట లేక హెచ్చుట, దానితో దేహపు బరువు మారుట. ఐదవది, పని చేయకున్నను అలసట. ఆరవది, మాటయు నడకయు మందగించుట, లేదా ఒకచోట నిలువలేని తహతహ. ఏడవది, "నేనెందులకు పనికిరాను, ఇంటికి భారమైతిని" అని తన్ను తాను నిందించుకొనుట. ఎనిమిదవది, బుద్ధి నిలువకపోవుట, చిన్న సంగతియందును నిశ్చయమునకు రాలేకపోవుట. తొమ్మిదవది, మరణమును గూర్చిన తలపులు. మొదటి రెంటిలో ఒకటియైన నుండి, మొత్తముమీద ఐదు గుర్తులు రెండు వారములు దాదాపు ప్రతిదినము కానవచ్చి, నిత్యకృత్యములకు అడ్డు వచ్చుచున్నచో, అది వ్యాధియని తలచి వైద్యుని కడకు పోవలయును. తొమ్మిదవ గుర్తు కనబడిన వెంటనే పోవలయును. రెండు వారములు నిరీక్షింపరాదు.

ఐతే మన ప్రాంతమున ఎవ్వరును "నాకు విషాదము కలిగినది" అని చెప్పరు. "రంది పట్టుకున్నది", "పానం మంచిగ లేదు", "తినబుద్ధి అయితలేదు", "గుండె దడదడ అంటున్నది", "తల బరువు" అని చెప్పుదురు. ఒడలి నొప్పులకు సూదిమందు వేయించుకొని తిరిగి వత్తురు. పది దినములకు మరల అదే బాధ. ఎన్ని పరీక్షలు చేసినను దేహమున రోగము కానరాక, బాధ మాత్రము తగ్గనిచో, మనసు సంగతి అడుగవలయును.

వయసును బట్టియు గుర్తులు మారును. పురుషులలో పెక్కుమందికి దుఃఖము కోపరూపమునను, త్రాగుడురూపమునను బయటపడును. వృద్ధులయందు మతిమరుపుగాను, మౌనముగాను కానవచ్చును. "వయసు మీరినది" అని మనము త్రోసివేయుదుము. మేము చిరకాలము పాఠశాలలయందు పనిచేసినవారము గాన పిల్లల సంగతి కొంత యెరుగుదుము. చురుకైన బాలుడు హఠాత్తుగా వెనుక బల్లకు చేరుట, ఊరకయే విసుగుకొనుట, తరచు కడుపునొప్పియని బడి మానుట, మార్కులు పడిపోవుట - వీనిని సోమరితనమని శిక్షింపక, కారణము విచారింపవలయును. 2019లో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన దినములలో మన రాష్ట్రమున పలువురు విద్యార్థులు ప్రాణములు విడిచిన సంగతి తల్లిదండ్రులు మరువరాదు. బాలింతలకు ప్రసవానంతరము కొలది దినములు కన్నీరు వచ్చుట సామాన్యము. రెండు వారములు దాటినను తగ్గనిచో, బిడ్డయందు మనసు నిలువనిచో అది వ్యాధియే.

దుఃఖమంతయు వ్యాధి కాదని కూడ తెలియవలయును. ఆప్తుని పోగొట్టుకొన్నవాని శోకము అలలవలె వచ్చి పోవును. నడుమ నడుమ బంధువుల మాటకు నవ్వగలడు. తన్ను తాను హీనునిగా తలపడు. విషాదవ్యాధి ఎడతెగక నిలుచును, ఆత్మగౌరవమును హరించును.

ఈ వ్యాధి ఎంతమందికి కలదు? బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రములయందు పరిశీలన జరిపిరి. మన రాష్ట్రము అందు చేరియుండలేదు. పెద్దవారిలో 20 మందికి ఒకరు జీవితమున ఎన్నడో ఒకప్పుడు ఈ వ్యాధి పాలైరని తేలినది. ఆ లెక్క మనకును వర్తించునేని, ఒక పందిరిక్రింద 500 మంది పెద్దలు కూర్చుండిన వారిలో 25 మంది దీని నెరిగినవారే. చికిత్స పొందువారు మాత్రము కొద్దిమందియే. తక్కినవారిలో కొందరు గాలి సోకినదనియు, బాణామతియనియు భూతవైద్యుల చుట్టు తిరిగి ధనమును, కాలమును పోగొట్టుకొనుచున్నారు. దేవునికి మ్రొక్కుకొనుటను మేము వలదనము. మ్రొక్కుబడితోపాటు మందును పుచ్చుకొనుడని మా ప్రార్థన.

మనవారు కంది, పత్తి పండించువారు. నాపరాతి గనులయందును పాలిషు కర్మాగారములయందును కష్టించువారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినందులకు మనమందరము సంతసించితిమి. కాని పేరు వచ్చినంతమాత్రమున వాన వేళకు కురియదు, అప్పు తీరదు. "అప్పు తీర్చు మాత్ర యేది?" అని కొంద రడుగవచ్చును. లేదు. ఐనను విషాదగ్రస్తుడు బ్యాంకువారితో మాటలాడలేడు, లెక్క చూడలేడు, ఉన్న ఉపాయములను కానలేడు. వ్యాధి కుదిరినవాడు అప్పును ఎదుర్కొనగలడు. కావున వైద్యుని కడకు ఒకరు, అప్పులవారి కడకు మరియొకరు ఆతనికి తోడుగా పోవలయును. ఈ రెండు పనులును బంధువర్గమువారివే.

అపాయకరమైన గుర్తులు వేరుగా చెప్పెదము. "ఇక మీకు నా బాధ యుండదు" అనుట, తన వస్తువులను పంచిపెట్టుట, అప్పుల పత్రములను హఠాత్తుగా భార్యకు అప్పగించుట, బహుదినముల కలతపిమ్మట అకారణముగా శాంతించుట - ఇట్టివి కనబడినచో ఉపేక్షింపరాదు. "చావవలయునని తోచుచున్నదా?" అని మెల్లగా, సూటిగా అడుగుడు. అడిగినంతమాత్రమున లేని తలపు పుట్టదు. దాచుకొన్న బరువు దిగును. ఒంటరిగా విడువకుడు. పురుగుమందులను ఇంటనుండి తొలగించి మరియొకచోట తాళములో నుంచుడు. సింహళద్వీపమున, అనగా శ్రీలంకలో, 1995 మొదలు అతివిషములైన పురుగుమందులను నిషేధింపగా, తరువాతి పది సంవత్సరములలో ఆత్మహత్యలు సగమునకు తగ్గినవి. చేతికి విషమందని ఆ ఘడియ దాటినచో ప్రాణము దక్కును.

పోలీసు కేసు అగునను భయమున దాచువారును కలరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలునకు వచ్చినది. ప్రాణత్యాగమునకు పూనుకొన్నవాడు తీవ్రమైన మనోవ్యథలో నుండెనని తలచి, ఆతనికి చికిత్సయు సంరక్షణయు కల్పించుట ప్రభుత్వ విధియని అది చెప్పుచున్నది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జూలై 1 నుండి లేదు.

చికిత్స సంగతి. 14416 అను నంబరునకు టెలిఫోను చేసిన రాత్రింబవళ్ళు తెలుగులో ఉచితముగా సలహా చెప్పుదురు. టెలి మానస్ అను ఈ యేర్పాటు 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. ప్రాణాపాయమున 108కి చేయుడు. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు; దాని పేరు వినినంతనే నవ్వు అలవాటును మనము మానవలయును. వైద్యుడు మొదట రక్తహీనత, థైరాయిడ్ లోపము మున్నగునవి ఉన్నవేమో చూచును; అవియు ఇట్టి లక్షణములనే కలిగించును. స్వల్పవ్యాధికి సంభాషణచికిత్స చాలును. ముదిరినదానికి మందులు కావలయును. మందు గుణము కనబడుటకు రెండు నుండి నాలుగు వారములు పట్టును. కుదిరిన పిమ్మటయు ఆరు మాసములకు తక్కువ కాకుండ వాడవలయును. వైద్యుని అడుగక ఆపరాదు. మునుపెన్నడైన మితిమీరిన ఉత్సాహము, నిద్ర లేకయే పనిచేయుట యుండెనేని ఆ సంగతియు చెప్పవలయును. దానికి మందు వేరు.

అనంతగిరి కొండమీద క్షయరోగుల ఆసుపత్రి వెలసిన సంగతి మీరందరెరుగుదురు. ఒకకాలమున క్షయ యన్న పేరెత్తిన పెండ్లి సంబంధములు తప్పిపోయెడివి. నేడు మాత్రలు మ్రింగి స్వస్థులై కాపురములు చేసికొనుచున్నారు. ఎవ్వరును తప్పు పట్టరు. విషాదవ్యాధి విషయమునను అట్లే జరుగవలయును.

కావున ఈ మహాసభవారికి మూడు మనవులు. గ్రామమునకు ఇద్దరు చొప్పున, అందొకరు స్త్రీ యగునట్లు, ఈ గుర్తులు నేర్చినవారు ఉండవలయును. తెలిసిన సంగతిని వారు గుట్టుగా నుంచవలయును. సంఘనిధిలో కొంత రోగులకును, తోడు పోవువారికిని దారిఖర్చుల క్రింద కేటాయింపవలయును. చికిత్స పొందిరన్న నెపముతో సంబంధము విడువరాదని పెద్దలు సభాముఖమున తీర్మానింపవలయును. మూడవది చేయనిచో మొదటి రెండును నిష్ప్రయోజనములు. ఏలయన, ఆడపిల్ల పెండ్లి చెడునను భయమే మన తల్లిదండ్రుల నోళ్ళను కట్టివేయుచున్నది. ఆ భయమును కలిగించినది మనము; తీర్పవలసినదియు మనమే.