బోరు కింద జమాఖర్చు

బోరు మోటారు వేయగానే దాని చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. పక్కనే ఇంకో బోరు ఉంటే రెండు గరాటులూ కలిసిపోయి, మట్టం ఇంకా లోతుకు పడుతుంది. ఎంతసేపు తోడితే, ఎంత దూరాన, ఎంత పడుతుందో లెక్కగట్టే సూత్రాన్ని అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ థైస్ 1935లో ఇచ్చారు.

మన గ్రానైటు నేలల్లో నీరుండేది మెత్తబడిన రాతిలోనూ, దాని కింది పగుళ్లలోనూ. అలాంటి పొర 100 ఘనపుటడుగులుంటే బోరుకు దక్కేది సుమారు 2 ఘనపుటడుగుల నీరే. అందుకని వానకు ఇంకినదానికన్నా 10 సెంటీమీటర్ల నీరు ఎక్కువ తోడితే చాలు, మట్టం 5 మీటర్లు దిగిపోతుంది! ఈ ఒక్క లెక్క ప్రతి రైతుకూ తెలియాలి.

హైదరాబాదు దగ్గరి మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు సుమారు 53 చదరపు కిలోమీటర్లకు భూగర్భజలాల జమాఖర్చు కట్టారు. వరిమడికి పెట్టిన నీటిలో దాదాపు సగం తిరిగి ఇంకుతుందని తేల్చారు. దాన్ని జమ వేయకపోతే లెక్క తప్పుతుంది. అలాగని నిశ్చింతగా ఉండలేం. మళ్లీ మళ్లీ తోడి పారించిన నీటిలో లవణాలు పేరుకుంటాయి.

ఇలాంటి లెక్కలు కట్టే కంప్యూటరు నమూనా ఎంత గొప్పదైనా దానికి కొలతలు కావాలి. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి మీ ఊరి బావిలోకి టేపు దించి మట్టం రాసిపెట్టండి. యాసంగిలో ఎన్నెకరాల వరి వేయవచ్చో ఆ అంకెలు చూశాకే నిర్ణయించండి.