ఆడపిల్ల ఎత్తిన బరువు



బరువు ఎత్తడం ఆడవాళ్లకు కొత్త కాదు. నీళ్ల బిందె, గడ్డిమోపు, కట్టెలమోపు రోజూ మోసేవే. కానీ ఆ బరువు ఎవరూ తూచలేదు. ఎక్కడా రాయలేదు.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అనే ఊరుంది. కరణం మల్లీశ్వరి ఆ ఊరి పిల్ల. చిన్నప్పుడే నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తే ఆట నేర్చుకుంది. 1994లో, 1995లో ప్రపంచ పోటీల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1997లో పెళ్లయింది. పెళ్లయ్యాక ఆటలేమిటి అని మానేయలేదు.

ఒలింపిక్స్ అంటే నాలుగేళ్లకోసారి ప్రపంచ దేశాలు కలిసి ఆడే పోటీలు. అందులో ఆడవాళ్లకు బరువుల పోటీ 2000 దాకా పెట్టనే లేదు. ఆ ఏడు సిడ్నీలో మొదటిసారి పెట్టారు.

మల్లీశ్వరి ఒక్క ఊపున తలపైకి 110 కిలోలు ఎత్తింది. తర్వాత ముందు భుజాల దాకా, అక్కణ్ణుంచి తలపైకి 130 కిలోలు ఎత్తింది. 130 కిలోలంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఐదు, పైన ఇంకో ఐదు కిలోలు!

మొదటి ఇద్దరూ ఆమెకన్నా మొత్తం మీద రెండున్నర కిలోలే ఎక్కువ ఎత్తారు. మల్లీశ్వరికి కంచు పతకం వచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ ఆమే.

మీ ఊరి బడిలో ఆటల పీరియడ్ వేళ ఆడపిల్లలు ఆడుతున్నారా? గదులు ఊడుస్తున్నారా? ఒకసారి వెళ్లి చూడండి. "పెద్దపిల్లయింది, ఇక ఆటలు చాలు" అని ఎవరైనా అంటే, ఈ కిలోల లెక్క మీరే చదివి వినిపించండి.