స్వయంసేవా ఫలహారశాలలు

హైదరాబాదు నగరంలో మలక్‌పేట దాటి, విజయవాడ బాట పట్టి తూర్పుగా సాగితే మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, విక్టోరియా మెమోరియల్ వరుసగా వచ్చి, చివరకు ఎల్.బి. నగర్ కూడలి ఎదురవుతుంది. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకొన్న ఆ పేట ఒకప్పుడు నగరపు పొలిమేర. ప్రత్యేకంగా ఒక పురపాలక సంఘమై ఉండి, 2007లో మహానగరంలో కలిసిపోయినది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి అక్కడిదాకా మెట్రో రైలు నడవడం మొదలైన తరువాత దూరం మరింత తగ్గినది. ఈ బాట పొడవునా శిక్షణాలయాలు, విద్యార్థుల వసతిగృహాలు, బట్టల దుకాణాలు, గుళ్లు, సినిమాహాళ్లు. వాటి నడుమ అడుగడుగునా ఫలహారశాలలు. వాటిలో ఒక తెగవాటిని గురించి, అంటే మన పళ్లెం మనమే తెచ్చుకొని తినే స్వయంసేవా ఫలహారశాలలను గురించి, నేడు కొన్ని మాటలు మనవి చేస్తాను.

ఆదివారంనాడు పది గంటల వేళ అటువంటి చోటికి వెళ్లి చూడండి. గుమ్మంలోనే గల్లాపెట్టె. కొన్నిచోట్ల దాని పక్కన వేలితో తాకితే పలికే తెర. కావలసినదేదో ముందే చెప్పి, సొమ్ము ముందే చెల్లించి, చీటీ పుచ్చుకోవాలి. ఆ చీటీ తీసుకొని ఇడ్లీ, వడలకు ఒక కిటికీకి, దోశలకు మరొక కిటికీకి, కాఫీకి వేరొక కిటికీకి పోవాలి. పెనం దగ్గరి మనిషి చీటీలన్నీ ఒకచోట గుచ్చి, ఒకేమారు ఎనిమిదో పదో దోశలు పోసి, అంకెల వరుసను పిలుస్తాడు. ఎవరి అంకె వచ్చినప్పుడు వారు పళ్లెం అందుకొని, నిలువెత్తు బల్ల దగ్గర నిలబడి తిని, ఎంగిలి పళ్లేన్ని తొట్టిలో పడవేసి, చేయి కడుక్కొని వెళ్లిపోతారు. ఇందులో "ఏం కావాలండీ?" అని దగ్గరకు వచ్చి అడిగే మనిషి లేడు. ఈ లేమి మంచిదా, చెడ్డదా అన్నదే మన విచారణ.

మొదట ఆ వేళను గురించి ఒక మాట. ఉదయపు ఫలహారానికి ఆలస్యమై, మధ్యాహ్న భోజనానికి తొందరైన ఆ సమయంలో తినే తిండికి ఇంగ్లీషువారు 'బ్రంచ్' అని పేరు పెట్టుకొన్నారు. గై బెరింజర్ అనే రచయిత 1895లో ఒక పత్రికలో వ్యాసం వ్రాసి, ఆదివారంనాడు ఆలస్యంగా లేచేవారికి ఇదే తగిన భోజనమని వాదించినాడు. మన పల్లెలకు మాత్రం ఆ వేళ క్రొత్తది కాదు. తెల్లవారకముందే పొలానికి పోయిన మనిషికి గంపలో చద్దో అంబలో వచ్చే సమయమది. తెలంగాణపు రైతు దానిని అంబటి పొద్దు అన్నాడు. ఆ ఇంగ్లీషు పెద్దమనిషి ఆలస్యంగా లేచినందుకు తిన్నాడు. మన రైతు ముందుగా లేచినందుకు తిన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ ఫలహారశాలలో నేడు ఈ ఇద్దరి వారసులూ ఒకే వరుసలో నిలబడతారు. అర్ధరాత్రిదాకా చదివి అప్పుడే లేచిన విద్యార్థి ఒకడు. తెల్లవారుజాము నుండి పని చేసి, కాస్త ఊపిరి తీసుకొనవచ్చిన ఆటో నడిపే మనిషి మరొకడు.

చిత్రమేమంటే, ఆ 1895లోనే బెర్లిన్ నగరంలో మనిషి సాయం లేకుండా నాణెం వేసి తిండి తీసుకొనే యంత్రశాల తెరిచారు. 1902లో అది అమెరికాలోని ఫిలడెల్ఫియాకు, 1912లో న్యూయార్కుకు వచ్చినది. గోడ నిండా చిన్న చిన్న గాజు తలుపులు. నాణెం వేస్తే తలుపు తెరచుకొనేది, లోపల తిండి ఉండేది. గోడ వెనుక మాత్రం మనుషులే నిలబడి ఖాళీ అయిన అరలను నింపుతూ ఉండేవారు. న్యూయార్కులోని చివరి యంత్రశాల 1991లో మూతపడినది. ఆ గోడను మాత్రం జ్ఞాపకం ఉంచుకొనవలెను. దాని సంగతి మరల వస్తుంది.

మన దక్షిణదేశంలో ఈ పద్ధతికి నేటి రూపం ఇచ్చినది బెంగుళూరు. 1983లో అక్కడి జయనగర్‌లో 'కెఫే దర్శిని' అనే చిన్న ఫలహారశాల వెలసినది. కుర్చీలు లేవు, వడ్డించే మనుషులు లేరు, వంటగది కంటికెదురుగా ఉన్నది, ధర తక్కువ. ఆ పేరే తరువాత ఒక జాతికంతటికీ పేరైనది. దీని కీలకం సులభమైన లెక్కలో ఉన్నది. నలుగురు కూర్చొనే బల్ల దగ్గర ఒక్కొక్కరు ముప్పావు గంట గడుపుతారనుకొందాము. మూడు గంటలలో ఆ బల్ల పదహారు మందికి సరిపోతుంది. అదే చోట నలుగురు నిలబడి, పావుగంటలో తిని వెళితే నలభై ఎనిమిది మందికి సరిపోతుంది. అద్దె అదే, దీపం అదే, పైకప్పు అదే. తినేవారు మూడు రెట్లు. ఇడ్లీ చవకగా ఇవ్వగలగడంలోని రహస్యం చాలావరకు ఇదే.

ఐతే ధర ఒక్కటే దీని గొప్పదనం కాదు. మన దేశంలో పదిమందిలో కూర్చొని తినడం ఎన్నడూ చిన్న సంగతిగా లేదు. ఎవరు వండినారు, ఎవరు వడ్డించినారు, పక్కన ఎవరు కూర్చొన్నారు అనే ప్రశ్నలు ఆకలి కంటె ముందు పుట్టేవి. కాఫీ హోటళ్లు వచ్చిన తొలినాళ్లలో కూడ బ్రాహ్మణులకు వేరే గది అని పలక కట్టిన చోట్లు దక్షిణదేశంలో ఉండేవి. పల్లెటూరి టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి సాగినది. దళితుడు తన గ్లాసు తానే తీసుకొని, తాగి, తానే కడిగి పెట్టవలసి వచ్చేది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేనవ అధికరణంలో దుకాణాలను, ఫలహారశాలలను, హోటళ్లను పేరుపెట్టి చెప్పి, వాటిలోనికి ప్రవేశించుటకు కులమతాలు అడ్డు కారాదని శాసించినది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చినది. అదే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకొన్నది.

చట్టం తలుపు తెరువగలదు. పక్కపక్కన నిలబెట్టడం వేరే పని. ఆ పనిలో కొంత ఈ చీటీ చేసినదని నా అభిప్రాయం. చీటీ మీద అంకె ఉంటుంది, పేరు ఉండదు. ముప్పై ఏడు తరువాత ముప్పై ఎనిమిది వస్తుంది గాని, పెద్దమనిషి వచ్చినాడని యాభై ముందుకు రాదు. అందరి పళ్లేలూ ఒకే తొట్టిలో పడతాయి. ఒకప్పుడు తన గ్లాసు తానే కడగడం ఒకనికి అవమానముద్ర; నేడు తన పళ్లెం తానే మోయడం అందరికీ సమానమైన మర్యాద. కారులో దిగిన వ్యాపారి, మెట్రో దిగిన గుమాస్తా, సంచి భుజాన వేసుకొన్న కూలి మనిషి ఒకే బల్ల మీద మోచేతులు ఆనించి తింటున్నప్పుడు, చెప్పకుండానే ఒక పాఠం జరుగుతున్నది.

మరొక మేలు కూడ చెప్పవలెను. పాత హోటళ్లలో బల్లలు తుడిచినది చాలాచోట్ల పదేళ్ల పిల్లవాడు. హోటళ్లలో, ధాబాలలో, ఇళ్లలో పధ్నాలుగేండ్లలోపు పిల్లలను పనికి పెట్టరాదని 2006 అక్టోబరు 10 నుండి నిషేధం అమలులోకి వచ్చినది. తినేవాడే తన పళ్లెం తీసే పద్ధతి వచ్చిన చోట, ఆ తడిగుడ్డ పట్టుకొన్న పిల్లవాని అవసరమూ తగ్గినది. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లకూ ఈ చోటు తేలిక; ఎవరూ ఎంతసేపు కూర్చొన్నావని చూడరు. వసతిగృహంలో ఉండి, ఇంటి నుండి వచ్చే సొమ్మును రోజులకు పంచుకొనే విద్యార్థికి, సర్వరుకు ఏమియ్యాలన్న బిడియమూ లేదు. ఏ హోటలులోనైనా సేవారుసుమును బిల్లులో దానంతట అదే కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఆదేశించినది. ఈ చిన్న ఫలహారశాలలలో ఆ పేచీయే పుట్టదు.

అపరిచితుల నడుమ నిలబడి తినడానికి ఒక నమ్మకం కావలెను. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు చోట్ల బాంబులు పేలినవి. బస్సు కోసం నిలబడినవారు, మిరపకాయ బజ్జీలో టీయో తీసుకొందామని ఆగినవారు ప్రాణాలు కోల్పోయినారు. అటువంటి దెబ్బ తిన్న వీధి మరల మనుషులతో నిండినదంటే, ఒకే బల్ల దగ్గర తెలియనివారితో తినడం మానకూడదని ఆ పేట ప్రజలు నిర్ణయించుకొన్నారన్న మాట. దీనిని చిన్న ధైర్యంగా భావించరాదు.

ఇంతవరకు మంచి చెప్పినాను. ఇక రెండవ వైపు.

విజయవాడ బాటన వచ్చే బస్సులకు ఎల్.బి. నగర్ నగరద్వారం వంటిది. సూర్యాపేట నుండో నకిరేకల్లు నుండో ఒక ముసలాయన వైద్యం కోసమని వచ్చి అక్కడ దిగినాడనుకొందాము. ఆకలి వేస్తున్నది. జేబులో డబ్బున్నది. ఎదుట ఫలహారశాల ఉన్నది. లోపలికి వెళ్లితే తెర ఇంగ్లీషులో పలకరిస్తుంది. బల్ల మీద నలుపు తెలుపు గళ్ల చతురం అంటించి ఉంటుంది. దానిని ఫోనుతో చూస్తే గాని పట్టిక కనబడదు. తెర ఫోను నంబరు అడుగుతుంది. సొమ్ము కూడ ఫోను ద్వారానే చెల్లించుమంటుంది. 2016లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతి మనకెంతో సౌకర్యం కలిగించినది, కాదనను. కాని ఆ ముసలాయన చేతిలో ఉన్నది నోటు. కులం అడగని ఆ గుమ్మం, ఫోను ఉన్నదా అని అడుగుతున్నది. పాత పలకను తీసివేసి, తెలియకుండానే క్రొత్త పలక కట్టుతున్నామేమో ఆలోచించవలెను.

కొనుగోలుదారు ఫోను నంబరు ఇవ్వనంటే, ఆ కారణాన వస్తువు ఇవ్వననరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో వ్యాపారులకు సూచించినది. ఇడ్లీ తినడానికి నంబరెందుకని అడిగే హక్కు మనకున్నదని మన ఇళ్లలో అందరికీ తెలియవలెను.

రెండవ నష్టం సర్వరు. అతడు పళ్లెం మోసే మనిషి మాత్రమే కాడు. ఈ పూట పెసరట్టుకు పిండి బాగా కుదిరినదని, సాంబారులో కారం ఎక్కువైనదని, చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది వద్దని చెప్పేవాడు. చదువు రానివారికి అతడే పట్టిక. బల్ల చుట్టూ ఉన్న ఆరుగురు చెప్పినదంతా కాగితం లేకుండా జ్ఞాపకం ఉంచుకొని, తప్పు లేకుండా తెచ్చేవాడు. ఊరి నుండి వచ్చి, వేరే పని తెలియని యువకునికి నగరంలో అన్నం, నీడ, జీతం మూడూ ఒక్కచోట దొరికిన వృత్తి అది. అది తగ్గినప్పుడు ఒక కొలువు మాత్రమే కాదు, ఒక నేర్పు కూడ పోతుంది.

ఇప్పుడు న్యూయార్కు గోడను మరల తలచుకొందాము. స్వయంసేవ అన్నంతమాత్రాన సేవ లేకుండా పోలేదు; కంటికి కనబడకుండా పోయినది. తొట్టిలో మనం పడవేసిన పళ్లేన్ని ఎవరో వేడినీటిలో కడుగుతున్నారు. రాత్రి నానిన పప్పును ఎవరో తెల్లవారకముందే రుబ్బుతున్నారు. పెనం వేడి దగ్గర ఎవరో ఆరుగంటలు నిలబడుతున్నారు. మునుపు సర్వరు ముఖం చూసి, ఆ వెనుకనున్నవారిని ఊహించుకొనేవారము. నేడు అంకె పిలుపు మాత్రమే వినబడుతున్నది.

కనుక యజమానులకు ఐదు మనవులు. తెర ఉన్నా, దాని పక్కన ఒక మనిషిని ఉంచండి. నోట్లు కూడ పుచ్చుకోండి. పట్టికను గోడ మీద తెలుగులో, దూరం నుండి కనబడేటంత పెద్ద అక్షరాలతో ధరలతోసహా వ్రాయించండి. అంకెను తెర మీద చూపడంతో సరిపెట్టక నోటితో పిలిపించండి. చూపు తక్కువైనవారికి చెవి ఉన్నది. వృద్ధులకు, గర్భిణులకు, నిలబడలేనివారికి ఒక మూల నాలుగు కుర్చీలు వేయండి. వీటి వలన ఇడ్లీ ధర పెరుగదు.

తినేవారికి రెండే మనవులు. మీ పళ్లెం మీరే తీయండి. అది మీ తరువాత వచ్చేవానికి మీరిచ్చే చోటు. వరుసలో మీ ముందున్న పెద్దాయన తెర ఎదుట తడబడితే, వెనుక నుండి విసుగుకొనక, ఒక అడుగు ముందుకు వేసి "ఏం తింటారు తాతా?" అని అడగండి. వడ్డించే మనిషిని తీసివేసిన పద్ధతిలో ఆ మాట అడుగవలసిన బాధ్యత ఇప్పుడు మనందరి మీదికి వచ్చినది. ఆ ఒక్క ప్రశ్న వినబడుతున్నంతకాలం ఈ ఫలహారశాలలు చవకగా కడుపు నింపే చోట్లుగానే గాక, మర్యాద నేర్పే చోట్లుగా కూడ ఉంటాయి.