తలుపు తట్టే అప్పులవాడు

మందిరాలలో మనం అంతగా మాట్లాడుకోని ఒక సంగతిని ఈ వారం ధ్యానిద్దాం. అది క్రెడిట్ కార్డు అప్పు. ఆ అప్పు కట్టలేకపోయినప్పుడు, వసూలుకు వచ్చే మనుషులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నప్పుడు విశ్వాసి ఏం చేయాలి?

రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలో ఒక విధవరాలు ఉంది. ఆమె భర్త దైవభక్తి గలవాడు. అయినా అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు వచ్చి ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. గమనించండి, భక్తి గల ఇంటి మీదికి కూడా అప్పు వచ్చింది. అప్పుడు ఆమె తలుపు వేసుకుని కూర్చోలేదు. వెళ్ళి ఎలీషాతో చెప్పింది. ఈ రోజు మనలో అనేకులు చేయలేకపోతున్నది ఆ మొదటి పనే.

ఎందుకు చెప్పలేకపోతున్నాం? సిగ్గు. భార్యకు తెలిస్తే ఏమనుకుంటుందో, సంఘంలో తెలిస్తే తల ఎలా ఎత్తుకోవాలో అని. మనం దాచే కొద్దీ అప్పు పెరుగుతుంది. ఎలా పెరుగుతుందో చూడండి. ఒక సహోదరుడు కార్డు మీద 50,000 రూపాయలు బాకీ ఉన్నాడనుకుందాం. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 1,750 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. 315 రూపాయలు. అతడు ఆ నెల 2,500 రూపాయలు కట్టి, ఈ నెల గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాడు. కాని అసలులో తగ్గింది 435 రూపాయలు మాత్రమే! వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. కనుక ఆ అడ్డుకట్ట కూడా ఇప్పుడు లేదు.

కట్టడం మానేస్తే ఏమవుతుంది? గడువు దాటి మూడు రోజులు మించితే ఆలస్య రుసుము పడుతుంది, క్రెడిట్ రిపోర్టులో బాకీ అని నమోదవుతుంది. కనీస మొత్తమైనా పూర్తిగా కట్టకుండా 90 రోజులు దాటితే బ్యాంకు దానిని మొండి బాకీగా లెక్కిస్తుంది. వసూలు పనిని బయటి ఏజెన్సీకి అప్పగించడం కూడా మామూలే. అప్పుడు ఫోన్లు మొదలవుతాయి.

ఇక్కడ రెండు మాటలు కలిపి వినండి. మొదటిది, తీసుకున్న అప్పు తీర్చడం మన బాధ్యత. ఎగవేతకు మందిరంలో చోటు లేదు. రెండవది, అప్పులవాడికి కూడా ఒక హద్దు ఉంది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో, అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి జొరబడకూడదని, బయటనే నిలబడాలని దేవుడు నియమించాడు. పేదవాని గడపకు కూడా ఆయన మర్యాద ఇచ్చాడు.

మన దేశపు చట్టం కూడా అటువంటి గీతే గీసింది. వసూలు కోసం బ్యాంకులు గూండాలను వాడరాదని 2007లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత వసూలు ఫోన్లు చేయకూడదని ఆదేశించింది. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, బంధువుల, స్నేహితుల జోలికి పోకూడదు. ఇంటికి వచ్చే ఏజెంటు దగ్గర బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు ఉండాలి. అడిగి చూడండి, అది మీ హక్కు.

"సాయంత్రానికి పోలీసులొస్తారు" అని ఎవరైనా అంటే జడవకండి. కార్డు అప్పు కట్టలేకపోవడం దానంతటదే నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. మోసం చేసినా, ఇచ్చిన చెక్కు బౌన్స్ అయినా అది వేరే సంగతి. అయితే కోర్టు నుండి సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి. వెళ్ళకపోతే మీ మాట వినకుండానే తీర్పు రావచ్చు. లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడనవసరం లేదు. అక్కడ మీరు ఒప్పుకుంటేనే రాజీ కుదురుతుంది.

అయ్యా, అమ్మా, మీలో ఎవరైనా ఈ స్థితిలో ఉంటే ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. ఆ కార్డు వాడటం ఆపండి. ఒక అప్పు తీర్చడానికి లోన్ యాప్‌లో ఇంకో అప్పు చేయకండి. 90 రోజులు దాటకముందే బ్యాంకుకు ఉత్తరం రాసి, బాకీని వాయిదాలుగా మార్చమని అడగండి. కొంత తగ్గించి పరిష్కరిస్తామంటే ఆ మాట బ్యాంకు నుండి కాగితం మీద తీసుకోండి. డబ్బు ఏజెంటు చేతికి ఇవ్వకుండా బ్యాంకుకే కట్టి, బాకీ లేదన్న పత్రం పుచ్చుకోండి. అలా తగ్గించి కట్టినట్టు క్రెడిట్ రిపోర్టులో కనబడుతుంది, ముందు ముందు అప్పు పుట్టడం కష్టమవుతుంది. తెలిసే నిర్ణయించుకోండి. ఎవరైనా వేధిస్తే తేదీ, సమయం రాసి పెట్టుకుని బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజులలో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి రుసుము లేదు.

ఇక బ్రదుకు చాలించుకుందామన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందా? దేవుని బిడ్డా, నీ బాకీ రూపాయలలో ఉంది. దానికి నీ ప్రాణం తాకట్టు కాదు. ఒంటరిగా ఉండకు. పక్కనున్న మనిషిని లేపి చెప్పు. 14416 అనే టెలి మానస్ నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చెయ్యి.

సంఘానికి కూడా ఒక మాట. ఎలీషా ఆ విధవరాలిని గద్దించలేదు, నీ ఇంట్లో ఏముందని అడిగాడు. ఇరుగుపొరుగువారు పాత్రలు ఎరువిచ్చారు. ఆ పాత్రలలోకే నూనె వచ్చింది. ఒక సహోదరుని గురించి వసూలు ఫోను మీకు వస్తే, ఆ వార్తను ఇంటింటికీ మోయకండి. మీలో లెక్కలు తెలిసినవారు, బ్యాంకులో పనిచేసినవారు ఒక సాయంకాలం అతని పక్కన కూర్చుని కాగితాలు చూడండి. అదే మీరిచ్చే పాత్ర.

ఆమె నూనె అమ్మి, మొదట అప్పు తీర్చింది. మిగిలినదానితో పిల్లలతో కలిసి బ్రదికింది. అప్పూ తీరింది, పిల్లలూ దక్కారు. మీ ఇంట్లో కూడా ఆ రెండూ జరగాలని మా ప్రార్థన. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.