తల వంచడమా, తల తాకట్టు పెట్టడమా?



ఈ మధ్య మా సంఘంలో చదువుకుంటున్న ఒక పిల్లవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "అయ్యగారూ, పెద్దవాళ్ల దగ్గర అతిగా వంగి వంగి ఉండేవాణ్ణి ఇంగ్లీషులో ఏమంటారు?" అని. ఒక్క మాట చెబుదామని నిఘంటువు తెరిచాను. ఒకటి కాదు, ఎన్నో కనిపించాయి. మనం కాకా పట్టడం, భజన చేయడం, గంగిరెద్దులా తల ఊపడం అంటామే, వాళ్లకూ అలాంటివి ఉన్నాయి. వాటి వెనక ఉన్న సంగతులు చదువుతుంటే నా మనస్సాక్షి నన్ను గద్దించింది. మూడు మాటలు మీతో పంచుకుంటాను.

మొదటిది టోడీ. టోడ్ అంటే గోదురుకప్ప. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో వీధుల వెంట దొంగమందులు అమ్మేవారు ఉండేవారు. ఆ కప్ప విషమని జనం నమ్మకం. మందులవాడి దగ్గర పనిచేసే కుర్రవాడు అందరి ఎదుట కప్పను తినేవాడు, లేదా తిన్నట్టు నటించేవాడు. యజమాని వెంటనే తన మందు పోసి వాణ్ణి బతికించినట్టు చూపించేవాడు. ఆ కుర్రవాణ్ణి టోడ్ ఈటర్, అంటే కప్ప తినేవాడు అన్నారు. ఆ మాటే తరువాత టోడీ అయింది. గమనించండి, కప్పను మింగినవాడు ఒకడు, లాభపడినవాడు ఇంకొకడు. మోసపోయినవారు మాత్రం ఆ మందు కొన్న అమాయకులు.

రెండవది సికోఫాంట్. ఇది గ్రీకు మాట. ప్రాచీన ఏథెన్సులో దీనికి పొగిడేవాడు అని అర్థం కాదు. సొంత లాభం కోసం సాటివారిపై నేరాలు మోపేవాడని అర్థం. లూకా సువార్త 19:8లో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని ఒప్పుకుంటాడు. అక్కడ గ్రీకు మూలంలో ఉన్న క్రియాపదం ఈ మాటకు చుట్టమే. పైవాణ్ణి పొగిడే నోరు పక్కవాడిపై నేరం మోపడానికి ఎంతసేపు పడుతుంది?

మూడవది అబ్సీక్వియస్. లాటిన్‌లో దీని మూలానికి అర్థం వెంట నడవడం, మాట వినడం. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ఇది మంచి మాటే, విధేయుడు అని అర్థం. తరువాత తరువాత నిందగా మారింది. చార్లెస్ డికెన్స్ 1849-50లో ప్రచురించిన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ నవలలో యురయా హీప్ అనే గుమాస్తా ఉంటాడు. తాను ఎంతో అల్పుణ్ణని పదే పదే చెప్పుకుంటూనే యజమానిని తన గుప్పిట్లో పెట్టుకుంటాడు. మాట చెడిపోయిందంటే, దాన్ని అలా వాడుకున్న మనుషులు ఉన్నారన్నమాట.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. సేవలోకి రాకముందు నేనొక ఆఫీసులో గుమాస్తాను. ఒకసారి లెక్కలో తేడా వచ్చింది. తప్పు మా పై అధికారిదని నాకు తెలుసు. ఆయన అటెండరు వైపు వేలు చూపించి, "వీడి పనే కదా?" అన్నారు. నేను "అవునండి" అన్నాను. అతను నా వైపు ఒకసారి చూశాడు, ఏమీ అనలేదు. నెల తిరక్కుండా అతని ఉద్యోగం పోయింది. ఏళ్ల తరువాత క్షమాపణ అడగాలని వెతుక్కుంటూ వెళ్లాను. ఆ కుటుంబం ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందన్నారు. జక్కయ్యకు తిరిగి ఇచ్చే అవకాశం దొరికింది. నాకు దొరకలేదు.

మొదటి రాజుల గ్రంథం 22వ అధ్యాయం చదవండి. యుద్ధానికి వెళ్లమని దాదాపు నన్నూరు మంది ప్రవక్తలు ఒక్క గొంతుతో అహాబుకు చెప్పారు. నువ్వూ అలాగే చెప్పమని మీకాయాకు దూత సలహా ఇచ్చాడు. మీకాయా నిజమే చెప్పి చెరసాలకు వెళ్లాడు. నన్నూరు మంది మాట విన్న రాజు యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రోజు రాజు మేలు కోరినవాడు ఎవరు?

అయితే వంగడమే తప్పా? కాదు, ప్రియులారా. ప్రభువు కూడా వంగాడు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. వారి వలన ఆయనకు రావలసిన లాభమేమీ లేదు. ముఖస్తుతి చేసేవాడు తనకంటే పైవాడి ముందే వంగుతాడు. దీనుడు కిందివాడి ముందు కూడా వంగుతాడు. తేడా అక్కడే ఉంది.

ఈ వారం మీ నోటికి "అవునండి" అనే మాట వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగండి. అది నిజమా? దానివల్ల నష్టపోయేవాడు ఎవడైనా గది మూలన నిలబడి ఉన్నాడా? వాడి ముఖం చూసి, అప్పుడు మాట్లాడండి.

దేవుడు మనకు వంగే మనసును, నిజం చెప్పే ధైర్యాన్ని అనుగ్రహించును గాక. ఆమేన్.