తేనీటికి తగిన నీరు

కాజీపేట రైళ్ల ఊరు. ఆవిరి ఇంజనులు నడచిన కాలమున ఇక్కడి షెడ్డులో పనిచేసిన వారికి కఠినజలమన నేమో ఎవరును చెప్పవలసిన పని లేకుండెను. అట్టి నీరు మరిగిన కొలది బాయిలరు గొట్టములకు సున్నపు పెచ్చు కట్టును. వేడి నీటికి సరిగా చేరదు. బొగ్గు వృథా అగును. ఆ ఇంజనులు పోయినవి గాని, ఆ తెల్లని పెచ్చు మాత్రము బోరునీటితో తేనీరు కాచెడి మన గిన్నెల అడుగున నేటికిని కనబడుచున్నది.

పానీయము రుచికి నీరే పునాది. చెక్ దేశమున పిల్సెన్ నగరపు నీరు మిక్కిలి మెత్తనిది; ఇంగ్లండులో బర్టన్ నీరు జిప్సముతో నిండినది. ఆ రెండు ఊళ్ల బీరు రుచులు వేరగుటకు ఇదియొక ముఖ్యకారణము. అందుచేతనే అచ్చట ఇంట బీరు చేసికొనువారు లవణములు తీసివేసిన నీటిని తెచ్చుకొని, తమకు వలసిన లవణములను కొలిచి కలుపుకొందురు. మన రాష్ట్రమున అనుమతి లేక ఇంట మద్యము చేయరాదు. కాని ఆ కొలత పాఠము మన చాయ్‌కి, కాఫీకి పనికివచ్చును.

లవణములు తీయు సాధనమే ఆర్.ఓ. యంత్రము. ఎండుద్రాక్షను నీట వేసిన, నీరు దాని పొరగుండ లోపలికి చొచ్చి అది ఉబ్బును. ఉప్పునీటిపై పెద్ద ఒత్తిడి పెట్టి ఈ గతిని వెనుకకు త్రిప్పినచో, నీరు పొర దాటును, లవణములలో అధికభాగము నిలిచిపోవును. ఇందుకు తగిన పొరను 1959 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబ్, భారతీయుడైన సౌరిరాజన్ రూపొందించిరి. మన కాజీపేట చెంత ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన జరిగినదియు 1959లోనే.

కఠినజలమున కాచిన తేనీరు నల్లబడి, పైన సన్నని తెట్టు కట్టును. బైకార్బనేటులు కాఫీలోని సహజమైన పులుపును చంపును. ఆర్.ఓ. నీట తేనీరు తేటగా దిగును. కాని లవణములు బొత్తిగా లేని నీట కాఫీ చప్పనగును. కాఫీ నిపుణులు లీటరునకు సుమారు 150 మిల్లీగ్రాముల లవణములు మేలందురు. ఉదాహరణకు కుళాయి నీట 500, యంత్రపు నీట 50 ఉన్నవనుకొందము. ఒక పాలు కుళాయి నీటికి మూడు పాళ్లు యంత్రపు నీరు కలిపిన, 160 పైచిలుకు వచ్చును. పాలు పోసి మరిగించు చాయ్‌లో ఈ భేదము అంతగా తెలియదు. పాలలోనే సున్నము కలదు.

అయితే ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మన తెలంగాణలో పలుచోట్ల బోరునీట ఫ్లోరైడు కలదు. భారత ప్రమాణము ప్రకారము అది లీటరునకు 1 మిల్లీగ్రాము లోపుండవలెను. వేరు నీరు లేనిచోట గరిష్ఠము 1.5. కాచినందున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును. పైగా తేయాకులోనే కొంత ఫ్లోరైడు ఉండి డికాక్షనులోనికి దిగును. లవణముల మొత్తమును చూపు చిన్న మీటరు ఫ్లోరైడును వేరుచేసి చూపదు. కనుక రుచి కొరకు బోరునీరు కలుపదలచినవారు ముందుగా దానిని పరీక్షింపజేయవలెను. పరీక్ష జరుగనిచో కలుపక, చప్పదనము సహించుటయే మేలు. శుద్ధిచేసిన కుళాయి నీరున్న ఇంట ఆ నీరే తగినదేమో మొదట కాచి చూడవలెను.

యంత్రము ఒక లీటరు మంచినీటికి తరచు రెండు మూడు లీటర్లు బయటకు వదలును. ఆ నీటిని కాలువ పాలు చేయక బకెట్టున పట్టినచో గచ్చు కడుగుటకు చాలును. నాలుకకు రుచి, ఎముకకు క్షేమము, నేలకు నీరు — ఈ మూడింటిని తూచి చూచిన పిమ్మటనే పొయ్యిపై గిన్నె పెట్టుదము.