ఆలస్యముగ వచ్చిన నీలిరంగు

డాక్టరు పట్టమునకై పరిశోధన సాగించు బిడ్డలున్న యిండ్లలో తఱచు వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఇంకెన్నాళ్లు?" ఆ ప్రశ్న సహజమే. ఈడు మించుచుండును, ఇంటి ఖర్చులు ఆగవు. అయినను ఒక ఉదంతము వినుడు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేగారితో కలిసి పనిచేసిరి. రక్తాదులలోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. దానినే కండరముల సారమునకు వర్తింపజేయగా రంగు వెంటనే రాదయ్యెను, మెల్లమెల్లగా ముదిరెను. తొందర గలవాడైనచో అది ప్రయోగదోషమని త్రోసివేసియుండును. వారు ఆ ఆలస్యమునకే కారణము వెదకిరి. కండరమునందు భాస్వరము మరియొక పదార్థముతో కూడియుండి, ఆమ్లములో మెల్లగా విడివడుచున్నదని తేలెను. 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్ అదియే. కండరమునకు తత్క్షణము శక్తి నందించు నిలువ అది. సుబ్బారావుగారికి డాక్టరు పట్టము 1930లో లభించెను.

పరిశోధన యనగా లెక్కకు లొంగని దానిని దాచక, దాని వెంట నడచుట. చరిత్రమునందును ఇదియే న్యాయము: తన ఊహకు ఎదురు నిలిచిన శాసనమును ప్రక్కకు నెట్టరాదు. ఇంటివారు "ఎన్నాళ్లు?" అనుటకు మారుగా ఒక్కొక్కప్పుడు "ఏది కుదరలేదు?" అని యడిగినచో, ఆ బిడ్డకు ధైర్యము కలుగును.